అలా జరిగి ఉండదన్న నమ్మకం

1980లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టుకు ఆరుగురు ఖైదీల వ్యాజ్యం ఒకటి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో 1974 నవంబరులో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయిన కేసులో యావజ్జీవం పడినవాళ్లు. వాళ్లు ఆ రోజు అడిగింది విడుదల కూడా కాదు. కస్టడీలో పోలీసులు మమ్మల్ని చితకబాదారు, నష్టపరిహారానికి దావా వేసుకోనివ్వండి అన్నారు, అంతే. జడ్జి లార్డ్ డెనింగ్ కుదరదన్నారు. ఒకసారి కోర్టులో తేలిపోయిన అంశాన్ని మళ్లీ తవ్వకూడదన్నది పైకి కనిపించే చట్టపరమైన కారణం. ఆ తర్వాత ఆయన మనసులో మాట బయటపెట్టారు. వీళ్లు ఓడిపోతే బోలెడంత డబ్బు, సమయం దండగ. గెలిచారనుకోండి, పోలీసులు అబద్ధపు సాక్ష్యం చెప్పారని, కొట్టి ఒప్పించారని, పడిన శిక్షలు తప్పని అర్థం వస్తుంది. అది ఎంత భయంకరమైన దృశ్యమంటే, బుర్రున్న వాళ్లెవరైనా ఈ దావా ఇక్కడితో ఆగాలనే అంటారు. ఆయన చెప్పిన దాని సారాంశం ఇదీ.

ఇందులో ఎక్కడా ‘పోలీసులు కొట్టలేదు’ అన్న మాట లేదు. కొట్టారని తేలితే మనం తట్టుకోలేం అన్న మాట ఉంది.

ఆ ఆరుగురూ 1991 మార్చి 14న బయటికొచ్చారు. అప్పటికి పదహారేళ్లు లోపల ఉన్నారు. వాళ్లలో కొందరి చేతుల మీద పేలుడు పదార్థం ఆనవాళ్లు ఉన్నాయని ట్రయల్లో ప్రాసిక్యూషన్ నిపుణుడు గట్టిగా చెప్పాడు. పేకముక్కల మీద వేసే పూత కూడా ఆ పరీక్షలో అదే ఫలితం ఇస్తుందని తర్వాత తేలింది. అరెస్టుకు ముందు వాళ్లు రైల్లో కూర్చుని ఆడింది పేకాట. డెనింగ్ మాత్రం విడుదలకు ముందు ఏడాది కూడా ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, వీళ్లను అప్పుడే ఉరితీసి ఉంటే ఈ ఉద్యమాలేవీ ఉండేవి కావు, జనం మర్చిపోయేవాళ్లు అన్నారు. సామాన్యుడి జడ్జి అని పేరు తెచ్చుకున్న మనిషి ఆయన.

జడ్జీల వ్యక్తిగత నమ్మకాలు అనగానే మన చర్చ మతం దగ్గరికి, కులం దగ్గరికి, ఏ ప్రభుత్వం నియమించిందన్న దగ్గరికి పోతుంది. అవి లేవనడం లేదు. కానీ నిర్దోషులకు శిక్ష పడిన కేసుల తీర్పులు వరసపెట్టి చదివితే, ప్రాణం తీసేది చాలాసార్లు అవేవీ కాదు. సొంత ఇంటి మీద ఉండే నమ్మకం. పోలీసులు మరీ అంత దిగజారరు, కింది కోర్టు అన్నీ చూసే ఉంటుంది, ఇన్ని మెట్లు దాటొచ్చిన కేసులో పొరపాటు ఉండే అవకాశం లేదు. ఇది అభిప్రాయమని కూడా జడ్జికి తెలియదు. గాలి పీల్చినంత సహజంగా ఉంటుంది. అందుకే తీర్పులో అది నమ్మకంగా కనిపించదు. ‘చట్టం నా చేతులు కట్టేసింది’ అన్న వాక్యంగా కనిపిస్తుంది.

అమెరికా సుప్రీంకోర్టులో 1994 ఫిబ్రవరిలో ఒక మరణశిక్ష కేసు దగ్గర ఇద్దరు జడ్జీలు తలపడ్డారు. ఒకరు హ్యారీ బ్లాక్‌మన్. 1972లో అదే కోర్టులో, మరణశిక్ష అంటే నాకు ఏవగింపు అని స్పష్టంగా రాసి, అయినా నా ఇష్టాయిష్టాలు చట్టం కావు, అది శాసనసభలు తేల్చుకోవాల్సిన పని అంటూ మరణశిక్షను నిలబెట్టే వైపే ఓటేసిన మనిషి. వ్యక్తిగత నమ్మకాన్ని పక్కన పెట్టడం అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ. ఇరవై రెండేళ్లు ఫైళ్లు చూశాక, రిటైరయ్యే ఏడాది, ఈ చావు యంత్రానికి మరమ్మతులు చేసే పని ఇక నా వల్ల కాదని రాశారు. న్యాయంగా, తప్పుల్లేకుండా మరణశిక్ష వేసే పద్ధతి ఒకటి ఉంటుందన్న ఆశే భ్రమ అని తేల్చేశారు.

రెండోవారు ఆంటొనిన్ స్కాలియా. ఆయన జవాబు చురుగ్గా ఉంది. మరణశిక్ష ఉంటుందని రాజ్యాంగం పాఠంలోనే, అంటే రాసి ఉన్న మాటల్లోనే ఉంది, నీ మనస్సాక్షి దాన్ని కొట్టేయలేదు అన్నారు. అక్కడితో ఆగితే అది చట్టం గురించి వాదన. ఆగలేదు. కోర్టు గుమ్మంలో ఎదురుచూస్తున్న ఇంకో కేసును చూపించారు. నార్త్ కరోలినాలో పదకొండేళ్ల పాప మీద నలుగురు అత్యాచారం చేసి, గొంతులో గుడ్డలు కుక్కి చంపారన్న కేసు. ఆ చావుతో పోలిస్తే ఇంజెక్షన్‌తో వచ్చే ప్రశాంతమైన చావు ఎంత భాగ్యమో అని రాశారు.

అది మెకాలమ్ అనే ఖైదీ కేసు. 1983లో పోలీసులు అతన్ని ప్రశ్నించడం మొదలుపెట్టేనాటికి అతని వయసు 19. మానసిక ఎదుగుదల సరిగా లేని కుర్రాడు. గంటల తరబడి ప్రశ్నించి, పోలీసులు రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పదిహేనేళ్ల తమ్ముడి చేతా పెట్టించారు. 2014లో, ఘటనాస్థలంలో దొరికిన సిగరెట్ పీకకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అది ఆ ఇద్దరిదీ కాదు. ఆ పొలం పక్కనే ఉండే మరో మనిషిది. ఆ మనిషి అదే ఊళ్లో కొన్ని వారాల తేడాతో అలాంటి నేరమే చేసి పట్టుబడి శిక్ష అనుభవిస్తున్నవాడు. అన్నదమ్ములు ముప్పై ఏళ్లు పోగొట్టుకుని ఇంటికెళ్లారు. మధ్యలో 2006లో స్కాలియా మరో తీర్పులో, ఈ రోజుల్లో ఒక్క నిర్దోషికైనా మరణశిక్ష అమలైందని స్పష్టంగా తేలిన కేసు చూపించండి, అలాంటిదే ఉంటే ఈపాటికి ఊరూవాడా ఏకమయ్యేది కదా అని సవాలు విసిరారు. ఆ రాత రాసేటప్పటికి మెకాలమ్ మరణశిక్ష ఖైదీల సెల్‌లోనే ఉన్నాడు.

ఇక్కడ స్కాలియాను ఎగతాళి చేయడం సులువు. నాకు ఆ సులువు మీద అంత గౌరవం లేదు. 1994లో ఆయన ముందున్నది ఆ కేసు కాదు, దాని ఫైలు ఆయన విచారించలేదు. బ్లాక్‌మన్ కూడా తర్వాత ఆ కేసు వచ్చినప్పుడు అతను నిర్దోషి అనలేదు. తొమ్మిదేళ్ల పిల్లాడి బుద్ధి ఉన్నవాణ్ని చంపుతామా అని మాత్రమే అడిగారు. అంటే ఇద్దరూ పోలీసుల కథను నమ్మారు. ఒకరికి దాని మీద కోపం వచ్చింది, ఒకరికి జాలి వేసింది. వ్యక్తిగత విలువల్లో ఉత్తర దక్షిణ ధ్రువాల్లాంటి ఇద్దరు ఆ ఒక్క నమ్మకం దగ్గర మాత్రం పక్కపక్కనే నిలబడ్డారు.

స్కాలియా వాదంలో ఒక బలం ఉంది. ఈ రోజు ఒక జడ్జి మనస్సాక్షి పేరుతో చట్టాన్ని వంచి ఒకణ్ని కాపాడితే, రేపు ఇంకొక జడ్జి అదే మనస్సాక్షి పేరుతో ఇంకొకణ్ని మింగేస్తాడు. పాఠానికి కట్టుబడి ఉండటమే బలహీనుడికి రక్షణ. మరణశిక్ష పాపమని నమ్మే జడ్జి తీర్పులు వంచడం మాని రాజీనామా చేసి వెళ్లిపోవాలని 2002లో ఆయన ఒక వ్యాసంలో రాశారు. నిజాయితీ ఉన్న మాటే.

కానీ ఆ పాఠం నిజంగా ఏం చెబుతోంది? 1993లో హెరేరా కేసులో టెక్సస్‌లో మరణశిక్ష పడిన ఖైదీ, పదేళ్ల తర్వాత, ఆ హత్య చేసింది చనిపోయిన నా సోదరుడు అంటూ ప్రమాణపత్రాలు తెచ్చాడు. కొత్త సాక్ష్యం చూపడానికి అక్కడి నియమం ఇచ్చే గడువు 30 రోజులు. ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా కోర్టు తోసిపుచ్చింది. నిర్దోషినన్న వాదన ఒక్కటే రాజ్యాంగపరమైన హక్కు కాదు, అలాంటివాళ్లకు గవర్నర్ క్షమాభిక్ష ఉండనే ఉంది అంది. నాలుగు నెలలు తిరక్కుండానే శిక్ష అమలైంది. 2009లో ట్రాయ్ డేవిస్ అనే మరణశిక్ష ఖైదీ కేసులో కోర్టు మెజారిటీ సాక్ష్యాలు మళ్లీ వినమని కింది కోర్టుకు పంపితే, న్యాయంగా విచారణ జరిగాక నిర్దోషినని ఒప్పించగలిగినవాణ్ని సైతం చంపకూడదని ఈ కోర్టు ఎన్నడూ చెప్పలేదే అని స్కాలియా అసమ్మతి రాశారు. సాంకేతికంగా ఆ వాక్యం నిజం. చంపవచ్చని కూడా కోర్టు ఎన్నడూ చెప్పలేదు. పాఠం మౌనంగా ఉన్న చోట మౌనాన్ని ఎటు తిప్పుకోవాలో పాఠం చెప్పదు. అక్కడ పనిచేసేది మనిషి. డేవిస్‌ను 2011 సెప్టెంబరులో చంపేశారు. మళ్లీ విచారించిన కింది కోర్టుకు అతను నిర్దోషి అనిపించలేదన్నదీ చెప్పుకోవాలి.

2022 నాటి షిన్ కేసులో ఇది ఒక్క క్రియాపదం దగ్గరికి వచ్చి ఆగింది. రాష్ట్ర కోర్టుల్లో వాస్తవాలను ‘రాబట్టడంలో విఫలమైన’ ఖైదీ ఫెడరల్ కోర్టులో కొత్త సాక్ష్యం పెట్టకూడదని 1996 చట్టం అంటుంది. ఆ క్రియకు కర్త ఎవరు? బ్యారీ జోన్స్ అనే మరణశిక్ష ఖైదీకి ట్రయల్లో పెట్టిన లాయరు సరిగా పని చేయలేదు. ఆ సంగతి లేవనెత్తాల్సిన రెండో లాయరూ చేయలేదు. సరైన లాయరు ఉండి ఉంటే అతనికి శిక్ష పడేది కాదేమో అని ఫెడరల్ జడ్జి ఒకరు అప్పటికే తేల్చారు. అయినా జస్టిస్ థామస్ రాసిన మెజారిటీ తీర్పు ప్రకారం లాయరు వైఫల్యం ఖైదీ వైఫల్యమే, సాక్ష్యం చూడకూడదు. ముగ్గురు కాదన్నారు. వ్యాకరణం తొమ్మిది మందికీ ఒక్కటే. ఆ మరుసటి ఏడాది రాష్ట్రమే జోన్స్‌తో ఒక తక్కువ నేరానికి ఒప్పందం చేసుకుని వదిలిపెట్టింది.

కేసులు ఎప్పుడో ఒకప్పుడు ముగియాలన్నది తీసిపారేయాల్సిన వాదన కాదు. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాన్ని ఇరవై ఏళ్లు కోర్టు మెట్లెక్కించడం కూడా క్రూరత్వమే. సాక్షులు మర్చిపోతారు, చనిపోతారు. ఇంత బలమైన కారణం ఉంది కాబట్టే దాని వెనక దాక్కోవడం తేలిక.

మన దేశంలో ‘వంద మంది దోషులు తప్పించుకున్నా ఫర్వాలేదు, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు’ అన్న డైలాగ్ రాని కోర్టు సినిమా ఉండదు. అసలు కోర్టుల్లో ఆ డైలాగుకు ఎదురు మాట ఒకటుంది. 1973లో శివాజీ సాహెబ్‌రావ్ బోబడే కేసులో, సంశయలబ్ధి (అనుమానం ఉంటే నిందితుణ్ని వదిలేయాలన్న సూత్రం) పట్ల మితిమీరిన భక్తి పనికిరాదు, దోషిని వదిలేయడం కూడా న్యాయానికి దెబ్బే అని సుప్రీంకోర్టు అంది. ప్రాసిక్యూటర్లకు ఇప్పటికీ కంఠోపాఠం. రాసినవారు జస్టిస్ కృష్ణయ్యర్. ఖైదీల హక్కుల గురించి, మరణశిక్షకు వ్యతిరేకంగా అంత గొంతెత్తిన మరో జడ్జి మనకు కనిపించరు. ఇచ్చిన తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును అడిగే రివ్యూ పిటిషన్లను లాయర్ల వాదన వినకుండా, జడ్జీలు తమ ఛాంబర్లలోనే కాగితాలు తిప్పుకుని తేల్చేయవచ్చన్న నియమాన్ని 1980లో సమర్థించినదీ ఆయనే. కోర్టుకు పని భారం తగ్గాలన్న ఉద్దేశంతో. జడ్జి ఏ పక్షమో చూసి తీర్పు చెప్పేయగలం అనుకునేవాళ్లు ఈ రెండు తీర్పులూ చదవాలి.

ఆ రెండో తీర్పు నీడ ఎక్కడ పడిందో చూడండి. 2003 జూన్‌లో మహారాష్ట్రలో ఒక కుటుంబం మీద దాడి జరిగింది. ఐదుగురు హత్యకు గురయ్యారు, అత్యాచారాలు జరిగాయి. సంచార జాతులకు చెందిన అంకుశ్ శిందేను, మరో ఐదుగుర్ని పట్టుకొచ్చారు. ట్రయల్ కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. బొంబాయి హైకోర్టు ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ మళ్లీ ఉరి వేసింది. పదేళ్లకు, 2019 మార్చి 5న, అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని చెప్పింది.

మధ్యలో డీఎన్‌ఏ అద్భుతాలేవీ జరగలేదు. దాడి నుంచి బతికి బయటపడిన మహిళ, రెండు రోజుల తర్వాత, పోలీసులు చూపించిన పాత నేరస్థుల ఫొటో ఆల్బమ్‌లో నలుగుర్ని గుర్తుపట్టింది. ఆ నలుగురూ ఈ ఆరుగురిలో లేరు. ఆ నలుగురి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఆల్బమ్ సంగతి దర్యాప్తు కాగితాల్లో మొదటినుంచీ ఉన్నదే. 2009లో ఆ సాక్షి మాట నమ్మదగ్గదిగా కనిపించింది, 2019లో కనిపించలేదు. ఫైలు మారలేదు, చదివిన కళ్లు మారాయి. మొదటి చదువులో కోర్టు చూపు నేరం ఎంత ఘోరమైందో అన్న దాని మీద పడింది. ఎంత ఘోరమో అంత గట్టిగా శిక్షించాలన్న తపన, ‘వీళ్లేనా?’ అన్న ప్రశ్నను మింగేసింది. ఈ తపన ఏ మతానిదీ కాదు, ఏ పార్టీదీ కాదు. పేపర్లో ఆ వార్త చదివితే మీకూ నాకూ కలిగేదే.

ఫైలు మళ్లీ తెరుచుకోవడానికి కారణం 2014 నాటి మహమ్మద్ ఆరిఫ్ తీర్పు. మరణశిక్ష కేసుల్లో రివ్యూను బహిరంగ కోర్టులో, వాదనలు విని తేల్చాలని నలుగురు జడ్జీలు చెప్పారు. వాళ్లిచ్చిన కారణాల్లో నాకు నచ్చింది ఒకటుంది. అవే వాస్తవాల మీద న్యాయశిక్షణ పొందిన రెండు బుర్రలు పూర్తిగా ఎదురెదురు నిర్ణయాలకు రావచ్చు, ప్రాణం పోయాక దిద్దుకోలేం కాబట్టి కనీసం అరగంట వాదన వినాలి అన్నారు. ఒక రాజ్యాంగ ధర్మాసనం తన తోటివాళ్ల గురించి, తన గురించి ఇంత సూటిగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అసమ్మతి తెలిపింది మన తెలుగు జడ్జి జస్టిస్ చలమేశ్వర్. వాదన వినడం తప్పనిసరి హక్కు కానక్కర్లేదన్నారు. ఆయన మీద కూడా జనం వేసుకున్న ముద్రకు, ఈ ఓటుకు పొంతన కుదరదు.

రెండు బుర్రల మాట ఉట్టి సిద్ధాంతం కాదు. ఒకే నేరంలో ఒకే పాత్ర ఉన్న ముగ్గురి పిటిషన్లు డెబ్బైల్లో సుప్రీంకోర్టులో వేర్వేరు ధర్మాసనాల ముందుకు వెళ్లాయి. కశ్మీరాసింగ్‌కు ఉరి తగ్గింది. జీతాసింగ్‌ను 1981 అక్టోబరులో ఉరితీశారు. హర్బన్స్ సింగ్ చివరి నిమిషంలో ఈ తేడా కోర్టు దృష్టికి తెచ్చి బతికాడు. అంకుశ్ శిందే కేసులోలా ఇక్కడ నిర్దోషిత్వం ప్రశ్న లేదు. కానీ ‘చట్టం ఇంతే చెబుతోంది’ అనే జడ్జి ముందు ఈ మూడు పేర్లూ పెడితే ఏమంటారో వినాలని ఉంటుంది.

మనకు ఇంకా దగ్గరి కేసు, విజయవాడ పక్కన హాస్టల్లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య. పోలీసులు పట్టుకున్న యువకుడు కాదు చేసింది అని హతురాలి తల్లిదండ్రులే మొదటినుంచీ మొత్తుకున్నారు. కూతుర్ని పోగొట్టుకున్నవాళ్లకు ఎవరినో కాపాడాల్సిన అవసరం ఏముంటుంది? ట్రయల్ కోర్టు మాత్రం పోలీసుల కథను నమ్మి శిక్ష వేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలి, లక్ష రూపాయలు ఇప్పించింది.

జడ్జీల మనసుల్లోంచి నమ్మకాలు తీసేయాలని ఎవరూ అడగలేరు. బర్మింగ్‌హామ్ కేసు తర్వాత బ్రిటన్ ఆ ప్రయత్నం చేయలేదు కూడా. ఆ ఆరుగురు విడుదలైన రోజే ప్రభుత్వం రాయల్ కమిషన్ అనే విచారణ సంఘాన్ని ప్రకటించింది, దాని సిఫారసు మీద 1997 నుంచి కోర్టులకు బయట ఒక సమీక్షా సంస్థ పని మొదలుపెట్టింది. పాత ఫైళ్లు తిరగేసి, కాగితాలు తెప్పించి, అనుమానం ఉన్నవాటిని అప్పీలు కోర్టుకు పంపడమే దాని పని. ఆ సంస్థా నత్తనడకే అని తిట్లు తింటూనే ఉంటుంది. అయినా, తప్పు జరిగి ఉండొచ్చు అనుకుంటూ ఫైలు తెరిచే ఉద్యోగం ఒకటి ఉండటం వేరు. మన దగ్గర ఆ ఉద్యోగం ఎవరిదీ కాదు. తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు పరిహారం చట్టం ఉండాలని లా కమిషన్ 2018లోనే 277వ నివేదిక ఇచ్చింది. అలాంటి ప్రత్యేక చట్టం రాలేదు.

అంకుశ్ శిందే కేసులో ఆరుగురికీ తలా ఐదు లక్షలు ఇవ్వమని మహారాష్ట్ర ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు ఆదేశించింది. అందులో ఒకరు నేరం జరిగిననాటికి మైనర్ అని, అది కూడా ఉరిశిక్ష ఖరారయ్యాకే తేలింది. దర్యాప్తులో తప్పు చేసిన అధికారులెవరో గుర్తించి, శాఖాపరమైన చర్య తీసుకోమనీ చెప్పింది. వాళ్లు ఇంకా సర్వీసులో ఉంటేనే.